పొల్లు పడని కీబోర్డు

నయాపూల్ దాటి మదీనా చౌరస్తా వైపు నడవండి. కుడిచేతి పక్క హైకోర్టు గుమ్మటాలు వెనక్కి పోతాయి. పొద్దున పడ్డ వాననీళ్లు రోడ్డు వారగా ఇంకా నిలిచే ఉన్నాయి. అత్తరు బండి, బురఖాల దుకాణం, రుమాలీ రోటీ కాల్చే పొయ్యి దాటి ఎడమకి తిరిగితే ఛత్తాబజార్. ఇక్కడ మొదట కంట పడేవి పెళ్లిపత్రికలు. గోడల నిండా ర్యాకులు, ర్యాకుల నిండా కార్డులు, ఉర్దూవి, తెలుగువి, ఇంగ్లిష్‌వి పక్కపక్కనే. సందులోంచి ప్రింటింగ్ సిరా వాసన వస్తూనే ఉంటుంది. ఆషాఢం చివరి వారం. పెళ్లిళ్లు లేవు కానీ శ్రావణ ముహూర్తాల కార్డులు ఇప్పుడే అచ్చవ్వాలి. అందుకే పాతబస్తీలో ఈ వీధికి ఈ వారం ఊపిరాడదు.

ఒక కార్డుల దుకాణం పక్కన ఒక మనిషి మాత్రమే పట్టే మెట్లున్నాయి. ఎక్కండి. పైన చిన్న గది. బల్ల మీద రబ్బరు చాప, దాని మీద విప్పిన ల్యాప్‌టాప్‌లు, మూతల్లో విడివిడిగా పెట్టిన స్క్రూలు. రిపేరు చేసే భాయ్ నడివయసు మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఎదుటి స్టూలు మీద ఒక డిగ్రీ అమ్మాయి, ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి. గౌలిపుర నుంచి వచ్చింది. చదువుకుంటూనే ఇంట్లో కూర్చుని ఇక్కడి కార్డుల దుకాణాలకి తెలుగు మ్యాటర్ టైప్ చేసిస్తుంది.

"ఏమైంది బేటా?"

"వారం సంది బాణం దానంతట అదే ఉరుకుతుంది భాయ్. ఒక లైన్ల టైప్ చేస్తుంటే ఇంకో లైన్ల పోయి పడుతుంది. క్లిక్ కూడా అదే కొట్టుకుంటుంది. అక్షరాలు సుత సక్కగ పడుతలేవు. లినక్స్ ఏసినప్పటి సంది ఖరాబైంది, తీసి విండోస్ ఏయించుకో అంటున్నరు అందరు."

ఆ చివరి మాట ఈ గదిలో రోజూ వినిపించేదే. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల మీద బతికే వీధులివి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా ఒక తరం దాటినదై ఉండాలి. నాలుగు జీబీ ర్యామ్‌తో, పాత ప్రాసెసర్‌తో ఉన్న బండికి మిగిలిన దారి లినక్సే. ఈ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది. కొత్తది వచ్చి కూర్చున్నాక ఏ తప్పు జరిగినా దాని మీదికే నెట్టడం మన అలవాటు. ఫార్మాట్ కొట్టించి, మళ్లీ వేయించి, డబ్బు పోయాక అదే కర్సర్ అలాగే ఉరుకుతుంటే అప్పుడు మదర్‌బోర్డు మీద పడతారు. ఈ రెండు ఖర్చులూ చాలాసార్లు అక్కర్లేనివి. వేలు కదిలిన దగ్గర్నుంచి తెర మీద బాణం కదిలేదాకా ఆ సంకేతం చాలా చేతులు మారుతుంది. ఎక్కడ పాడవుతోందో కళ్లతో చూడనిచ్చే వ్యవస్థ లినక్స్. దాన్ని తీసేయడమంటే ఉన్న పరీక్షా సాధనాన్ని పారేసుకోవడమే.

"ఏం టైప్ చేస్తవో అదే చెయ్," అంటాడు భాయ్.

ఆమె కార్డు మొదటి వరుస మొదలుపెడుతుంది. తెర దగ్గరికి వంగి చూడండి. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని రావాలి. పడింది "శరీరసతు". చెరిపి మళ్లీ కొడితే ఈసారి శకారం పక్కన పొల్లు రెండుసార్లు పడి, రావత్తు అతక్కుండా విడిపోయింది. మూడోసారి సరిగ్గానే పడింది. తర్వాత "శుభమసతు". "అవిఘ్నమస్తు"లో అకారమే రాలేదు.

ఆమె వాడేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. అందులో ఇంగ్లిష్ డీ కీ నొక్కితే పొల్లు, షిఫ్ట్ పట్టి అదే కీ నొక్కితే అ. తెలుగులో ఏ వత్తు రావాలన్నా ముందు పొల్లు పడాలి. శ్రీకి ఒకటి, స్తుకి ఒకటి, ఘ్నకి ఒకటి. ఇంగ్లిష్ టైప్ చేసేవాళ్లకి డీ కీ అప్పుడప్పుడు మొరాయిస్తే చిరాకు మాత్రమే. తెలుగు టైప్ చేసేవాళ్లకి ఆ ఒక్క కీతో రాత మొత్తం కూలిపోతుంది. శ్రీ అన్నది శరీ అయిపోయిన కార్డు ఐదువందల కాపీలు అచ్చయితే ఆ ఇంటివాళ్ల ముందు నిలబడాల్సింది ఈ పిల్లే.

భాయ్ స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేస్తూ ఎస్కేప్ కీ కొడతాడు. మింట్‌లో మామూలుగా కనిపించని గ్రబ్ మెనూ తెర మీదికి వస్తుంది. లినక్స్ ఇంకా మొదలవ్వలేదు, దాని గుండెకాయ అయిన కెర్నల్ లోడ్ అవ్వలేదు. అక్కడ సీ కీ నొక్కితే ఖాళీ కమాండ్ లైన్ వస్తుంది. దాని మీద డీ కీని ఒక్కో దెబ్బ నిదానంగా కొడతాడు. ఒక దెబ్బకి ఒక డీ. ఇంకో దెబ్బకి రెండు. తర్వాతి దెబ్బకి ఏమీ లేదు. పక్కనున్న ఎస్, ఎఫ్ కొడితే దెబ్బకొకటి చొప్పున శుభ్రంగా పడుతున్నాయి.

"దేఖో. లినక్స్ ఇంకా లేవనే లేదు. తప్పు దానిది ఎట్లయితది?"

ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు, నిమిషం పట్టదు. బయాస్ సెటప్ తెరలోనో గ్రబ్‌లోనో తప్పు కనిపిస్తే అది హార్డ్‌వేర్ తప్పు. అక్కడ కనిపించకుండా లినక్స్ లేచాకే కనిపిస్తే అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు చూడాలి. ఇంత మోటుగా చెప్పుకున్నా నూటికి తొంభై పాళ్లు దారి తెలుస్తుంది. టచ్‌ప్యాడ్‌ని మాత్రం గ్రబ్‌లో చూడలేం. దానికి లోపలికి వెళ్లాల్సిందే.

మింట్ లేచింది. భాయ్ టెర్మినల్ తెరిచి లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీ ఎక్కిస్తాడు. ఇవాళ చాలా లినక్స్‌లలో టచ్‌ప్యాడ్, మౌస్ సంకేతాలని అర్థం చేసుకునేది లిబ్‌ఇన్‌పుట్ అనే లైబ్రరీ. రెడ్ హ్యాట్‌లో పనిచేసే పీటర్ హట్టరర్ ఏళ్ల తరబడి దాన్ని చూసుకుంటున్నాడు. "లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్" అనే ఆదేశాన్ని సుడోతో, అంటే పూర్తి అధికారంతో, కొట్టగానే టెర్మినల్‌లో వరుసలు వస్తాయి. ఏ పరికరం, ఏం జరిగింది, ఎన్నో సెకనులో, బాణం అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత కదిలింది, అన్నీ అంకెలు.

"వేలు పెట్టు. కదపకు."

ఆమె చూపుడువేలు టచ్‌ప్యాడ్ మధ్యలో ఆనించి ఊపిరి బిగబట్టి కూర్చుంది. వేలు కదలడం లేదు, మీకూ కనిపిస్తూనే ఉంది. తెర మీద మాత్రం వరుసలు ధారగా పోతున్నాయి. కుడికి మూడు, ఎడమకి ఐదు, పైకి పదకొండు. బాణం వణికి వణికి ఒక్కసారి మూలకి దూకింది.

"ఇప్పుడు చార్జర్ పీకు."

పీకింది. వరుసలు ఆగిపోయాయి. వేలు అలాగే ఉంది. మళ్లీ పెట్టింది, మళ్లీ ధార. భాయ్ ఇప్పుడు ప్లగ్ వైపు చూస్తాడు. చార్జర్‌ది మూడు పిన్నుల ప్లగ్గే. కానీ దానికి ముందు ఒక తెల్ల కన్వర్టర్ ఉంది, మూడు పిన్నులని రెండు చేసేది. ఇంట్లో బోర్డుకి రెండే రంధ్రాలున్నాయని ఆమె కొనుక్కుని చార్జర్‌కే తగిలించి ఉంచేసింది.

"చార్జింగ్ పెట్టినప్పుడు అంచు ముట్టుకుంటే జివ్వుమంటదా?"

"అవు భాయ్! చిన్నగ షాక్ కొట్టినట్టయితది. తడికేమో అనుకున్న."

ఆ జివ్వుమనడమే మొత్తం కథ చెబుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్లో బయటి విద్యుత్తుకీ లోపలి విద్యుత్తుకీ మధ్య చిన్న కెపాసిటర్లుంటాయి. చార్జర్ పుట్టించే విద్యుత్ రొదని అణచడానికే అవి ఉన్నాయి. ఆ అణచిన రొద పోవాల్సిన దారి ఎర్త్ తీగ. మన ప్లగ్గుల్లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటి కన్నా పొడవుగా, లావుగా ఉండేది అది ముందుగా తగలాలనే. దాన్ని కన్వర్టర్‌తో తెంపేస్తే రొదకి దారి లేక ల్యాప్‌టాప్ ఒంట్లోనే తిరుగుతుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి మామూలుగా మనిషికి ప్రమాదం కాదు, జివ్వుమంటుందంతే. కానీ టచ్‌ప్యాడ్ సంగతి వేరు. దాని పలక కింద సన్నని తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికి వస్తే ఆ తీగల కెపాసిటెన్స్ పికోఫారడ్‌లో ఓ చిన్న భాగమంత మారుతుంది. వేలు ఎక్కడుందో అది కనిపెట్టేది ఆ మార్పుతోనే. అంత సూక్ష్మమైన కొలతలో, వేలు ఆనించగానే ఒంట్లో తిరుగుతున్న రొదంతా వచ్చి కలుస్తుంది. నిలకడగా ఉన్న వేలు దానికి పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. పాపం లిబ్‌ఇన్‌పుట్ తనకి అందిన అంకెలని నమ్ముతుంది.

భాయ్ కన్వర్టర్ తీసి పక్కన పెట్టి చార్జర్‌ని నేరుగా తన బోర్డులో గుచ్చుతాడు. ఈ గది ఉన్నది పాత మేడలో. గోడ వెంట కొత్తగా లాగిన ఆకుపచ్చ తీగ కనిపిస్తోంది చూడండి, అది ఎర్త్. పాతబస్తీ మేడల్లో బోర్డుకి మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక తీగ ఉందని నమ్మడానికి లేదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి మీటర్ పెట్టించాలి. ఆమె మళ్లీ వేలు ఆనించింది. వరుసలు రాలేదు. వేలు కదిపితే కదిలిన మేరకే వచ్చాయి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆమె వేలు తీసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాక తెర మీద ఇంకో వరుస పడింది: పాయింటర్ బటన్, లెఫ్ట్, ప్రెస్డ్. కొన్ని క్షణాలకి రిలీజ్డ్. ఎవరూ ముట్టుకోలేదు.

భాయ్ ముఖం మారింది. చార్జర్ తీసేశాడు, ల్యాప్‌టాప్ ఆపేశాడు. సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి టచ్‌ప్యాడ్ మీదుగా అరచేతులు ఆనే చోట అడ్డంగా నిలబెట్టాడు. మీరు అంచుకి కన్ను పెట్టి చూడండి. స్కేలు మధ్యలో ఆనింది, రెండు చివర్లా కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి ఉంది. మూత మూస్తే ముందు అంచు పూర్తిగా మూసుకోవడం లేదు.

"బ్యాటరీ ఫూల్ గయా."

అడుగు స్క్రూలు విప్పి ప్లాస్టిక్ పలుగుతో మూత తెరిచాడు. చదునుగా ఉండాల్సిన బ్యాటరీ అరల్లో రెండు పొంగి మెత్తగా ఉన్నాయి. లిథియం బ్యాటరీ ముదిరేకొద్దీ లోపలి ద్రవం విడిపోయి వాయువు పుడుతుంది. అది బయటికి పోలేక రేకు సంచిని ఉబ్బిస్తుంది. ఈ తరం టచ్‌ప్యాడ్‌లలో చాలావాటికి విడిగా బటన్లు లేవు, పలక మొత్తం ఒక బటనే, దాని సరిగ్గా కిందే బ్యాటరీ. ఉబ్బిన అర కింద నుంచి నెడుతుంటే బటన్ తనంతట తనే నొక్కుకుంటుంది. లినక్స్‌లో యూపవర్ అనే ఆదేశం బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అన్నది వాట్-అవర్లలో చెబుతుంది. సగానికి పడిపోయిందంటే మార్చే రోజు వచ్చినట్టే. ఉబ్బు మాత్రం ఏ ఆదేశానికీ తెలియదు, స్కేలుకే తెలుస్తుంది.

ఈ పనిలో భాయ్ చేతులు ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో గమనించండి. ముందు కనెక్టర్ వదులు చేశాడు. తర్వాత బ్యాటరీని వంచకుండా, నొక్కకుండా, లోహపు మొన తగలకుండా ఎత్తాడు. కిటికీ దగ్గర ఇసుక పోసిన డబ్బా ఉంది, అందులో పెట్టాడు. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంటే. గాలి తీసేద్దామని సూదితో పొడిచేవాళ్లున్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చెత్తబుట్టలో కూడా వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది.

"వారం సంది గిట్లనే మంచం మీద పెట్టుకుని పని చేసిన భాయ్," అంది అమ్మాయి. గొంతులో వణుకు.

"ఇంక చెయ్యకు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా కరెంటు మీదే నడుస్తది. మూడు పిన్నుల బోర్డు పెట్టించు, పహలే."

ఇక డీ కీ. బ్యాటరీ లేకుండానే చార్జర్ మీద ల్యాప్‌టాప్ లేపి, ఈసారి ఈవీటెస్ట్ అనే ఇంకో పరికరం నడిపాడు. లిబ్‌ఇన్‌పుట్ కన్నా ఒక మెట్టు కింద, కెర్నల్ చెప్పే మాటని ఉన్నదున్నట్టు చూపేది ఇది. కీ నొక్కితే 1, వదిలితే 0, నొక్కిపట్టి ఉంచితే వచ్చే పునరావృతానికి 2. డీ కీకి కెర్నల్ పెట్టుకున్న సంఖ్య 32. ఆ 1, 0, 2 అంకెలు చదవడం వస్తే కీబోర్డు జబ్బు సగం తెలిసినట్టే. అక్షరం బారులుగా పడుతున్నప్పుడు తెర మీద 2 అంకె వరసగా వస్తుంటే కీ ఇరుక్కుంది, లేదా వదిలిన కబురు దారిలో పోయింది. అలా కాకుండా 1, 0, 1, 0 అని వస్తే కీ నిజంగానే రెండుసార్లు తగిలింది.

భాయ్ ఒక్కసారి కొట్టాడు. తెర మీద 1, 0, వెంటనే మళ్లీ 1, 0. పక్కనే సమయం సెకనులో పదిలక్షో వంతు దాకా అచ్చయి ఉంది. మొదటి వదలడానికీ రెండో నొక్కడానికీ మధ్య పన్నెండు మిల్లీసెకన్లు. ఎంత వేగంగా టైప్ చేసే వేలైనా అంతలో లేచి మళ్లీ దిగలేదు. ఇది వేలి పని కాదు, కీ కింద రెండు పొరలు తగిలేచోట మురికి చేరి తాకిడి చిందుతోంది. ఒకసారి తగలకపోవడం, ఇంకోసారి రెండుసార్లు తగలడం, రెండూ ఒకే జబ్బు.

కీబోర్డుని మదర్‌బోర్డుకి కలిపే రిబ్బన్ కేబుల్ వదులైందేమో అని మీకు అనుమానం రావచ్చు. వస్తే మంచిదే, అది కూడా చూడాలి. కీబోర్డులోని కీలన్నీ అడ్డు వరుసలూ నిలువు వరుసలూగా అల్లి ఉంటాయి. ఒక్కో తీగని చాలా కీలు పంచుకుంటాయి. రిబ్బన్‌లో ఒక తీగ తప్పితే ఆ తీగ మీదున్న కీలన్నీ ఒకేసారి పోవాలి. ఇక్కడ ఎస్ బాగుంది, ఎఫ్ బాగుంది, డీ ఒక్కటే చెడింది. అంటే తప్పు కీ దగ్గరే.

సన్నని ప్లాస్టిక్ పలుగుతో డీ మీది మూత ఎత్తాడు. కింద కత్తెర ఆకారపు మడత, మధ్యలో చిన్న రబ్బరు గుబ్బ. గుబ్బ చుట్టూ గోధుమరంగు జిగురు.

"చాయ్?"

"ఎన్నడో ఒలికింది భాయ్. తుడిచిన."

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో చుట్టూ తుడుస్తాడు, పుల్ల మార్చి మళ్లీ తుడుస్తాడు. పాలూ చక్కెరా కలిసిన చాయ్ నీళ్ల కన్నా చెడ్డది. నీళ్లు ఆరిపోతాయి, చక్కెర పేరుకుంటుంది. పొరల లోపలికి దిగిన దాన్ని పైనుంచి తుడవలేం. పూర్తిగా పోవాలంటే కీబోర్డు మార్చాలి. ఈ మోడల్లో కీబోర్డుని స్క్రూలతో కాకుండా ప్లాస్టిక్ ముళ్లు కరిగించి అతికించారు. అన్నీ గీకి తీసి మళ్లీ అతకాలి, సామాను కన్నా పని ఖర్చు ఎక్కువ. ఇలా చేసి అమ్మడం కొనేవాళ్లకి చేసే అన్యాయమే. పెన్నీ రబ్బరూ అరిగినట్టు కీలు కూడా అరుగుతాయని తయారుచేసేవాళ్లకి తెలియక కాదు.

ఆల్కహాల్ ఆరేదాకా భాయ్ పక్కనున్న ఇంకో ల్యాప్‌టాప్ తన ముందుకి లాక్కుంటాడు. దీనిది నిజంగా లినక్స్ వైపు తప్పే, అందుకే చూడాలి. టచ్‌ప్యాడ్ కాసేపు బాగుండి హఠాత్తుగా బాణం మూలకి దూకుతుంది, వాటంతట అవే క్లిక్కులు పడతాయి. చార్జర్ తీసినా అంతే. స్కేలు పెడితే చదునుగానే ఉంది. డీమెస్గ్ కొడితే కెర్నల్ చిట్టా దొర్లుతుంది. అందులో పీఎస్‌మౌస్ అనే డ్రైవర్ పేరుతో ఒకటే ఫిర్యాదు మళ్లీ మళ్లీ ఉంది: టచ్‌ప్యాడ్ లాస్ట్ సింక్.

దీని మూలం చాలా పాతది. 1984లో ఐబీఎం పీసీ-ఏటీ కీబోర్డు కోసం ఇంటెల్ 8042 అనే చిన్న కంట్రోలర్ వాడింది. ఆ చిప్పు ఎప్పుడో పోయినా ఇవాళ్టి చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డూ, ఒక తరం టచ్‌ప్యాడ్‌లూ ఇంకా ఆ పద్ధతిలోనే కెర్నల్‌తో మాట్లాడతాయి. ఈ దారిలో సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్ వేలి జాడని ఆరు బైట్ల పొట్లంగా పంపుతుంది. ఫలానా బైటులో అడ్డం, ఫలానా బైటులో నిలువు, ఫలానా బిట్టులో బటన్. మధ్యలో ఒక్క బైటు జారిపోతే చొక్కా గుండీ ఒకటి తప్పినట్టే, కింది దాకా అన్నీ తప్పు కాజాల్లో పడతాయి. నిలువు అంకె బటన్‌గా చదవబడుతుంది, బటన్ అంకె ఒత్తిడి అవుతుంది. డ్రైవర్ తేరుకుని మళ్లీ మొదటి బైటు పట్టుకునేలోగా బాణం ఎక్కడికో పోయి ఉంటుంది.

చిట్టాలో కొంచెం పైకి జరిపితే ఇంకో వరుస: నీ టచ్‌ప్యాడ్ వేరే బస్సు (సంకేతాలు నడిచే దారి) మీద కూడా నడవగలనంటోంది, సినాప్టిక్స్ ఇంటర్‌టచ్ 1 అని పెట్టి చూడు, అని కెర్నలే సలహా ఇస్తోంది. భాయ్ గ్రబ్‌లో ఇంగ్లిష్ ఈ కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఆ మాట చేర్చి బూట్ చేశాడు. గ్రబ్‌లో ఇలా చేర్చింది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, తేడా కొడితే రీస్టార్ట్‌తో పోతుంది. భయపడాల్సింది లేదు. టచ్‌ప్యాడ్ ఎస్ఎంబస్ దారిలోకి మారింది. బాణం వేలి వెంటే నడుస్తోంది, చిట్టాలో ఫిర్యాదులు ఆగిపోయాయి. అప్పుడు ఆ మాటని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసి పెట్టాడు.

డీ కీ ఆరింది. మూత నొక్కగానే టక్కుమని కూర్చుంది. ఈవీటెస్ట్ మీద కొడితే చాలా దెబ్బలకి ఒకే జంట అంకెలు, ఎప్పుడో ఒకసారి రెండు జంటలు. భాయ్ తృప్తి పడలేదు. మింట్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు, అందులో బౌన్స్ కీస్. దాన్ని ఆన్ చేశాడు. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. ఒక కీ నొక్కాక పెట్టిన గడువులోపు అదే కీ మళ్లీ తగిలితే లెక్కలోకి తీసుకోదు. గడువు యాభై మిల్లీసెకన్లకి పెట్టాడు. పన్నెండు మిల్లీసెకన్ల చిందు అందులో పోతుంది, మనిషి కావాలని రెండుసార్లు కొట్టేది పోదు. కొత్త కీబోర్డుకి డబ్బు కూడేదాకా ఇది చాలు. తగలకుండా పోయే దెబ్బలకి మాత్రం దీని దగ్గర మందు లేదు, ఆ పని ఆల్కహాల్ చేసినంతే.

సంచీ సర్దుకుంటుంటే అమ్మాయికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. కీబోర్డు మొరాయించినప్పుడు యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి ల్యాప్‌టాప్ కీల మీదే పరిచి వాడిందట. అప్పుడు బాణం ఇంకా ఎక్కువ ఉరికిందట. భాయ్ నవ్వాడు. టైప్ చేస్తున్నంతసేపూ టచ్‌ప్యాడ్‌ని పట్టించుకోకుండా ఉండే ఏర్పాటు లిబ్‌ఇన్‌పుట్‌లో ఉంది, కానీ అది ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుకే జతపడి ఉంటుంది. బయటి కీబోర్డు బల్ల మీద దూరంగా ఉంటుందని దాని లెక్క. కీల మీద కీబోర్డు పరిస్తే మణికట్లు టచ్‌ప్యాడ్ మీద ఆనుతాయి, అది వేళ్లనుకుంటుంది. అలా వాడినప్పుడు సెట్టింగుల్లో టచ్‌ప్యాడ్‌ని ఆపేయాలి.

ఆమె ఒకసారి కూర్చుని కార్డు మొదటి వరుస కొట్టింది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. మూడూ వత్తులతో సహా పడ్డాయి. భాయ్ తీసుకున్నది శుభ్రం చేసిన పనికి మాత్రమే. బ్యాటరీ వచ్చాక ఫోన్ చేస్తానన్నాడు.

మెట్లు దిగే ముందు ఆ రెండో ల్యాప్‌టాప్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వేరే బస్సు మీద నడవగలదని కెర్నల్ సలహా ఇచ్చింది సరే, తనంతట తానే ఎందుకు మారలేదు? ఏ మోడల్ టచ్‌ప్యాడ్ ఆ దారిలో నిక్కచ్చిగా పనిచేస్తుందో ఒక జాబితా కెర్నల్ డ్రైవర్లోనే ఉంది. అందులో ఉన్నవాటికి ఎవరూ ఏమీ రాయకుండానే కుదురుతుంది, లేనివాటికి మనం రాసుకోవాలి. ఆ జాబితాలోని పేర్లు చాలావరకు ఆ ల్యాప్‌టాప్ చేతిలో ఉన్న మామూలు మనుషులు పరీక్షించి చెబితే చేరినవే. లిబ్‌ఇన్‌పుట్‌కీ మోడళ్ల వారీగా ఇలాంటి సవరణల ఫైళ్లున్నాయి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తిరిగే మోడళ్లు వాళ్ల బల్లల మీద ఉండవు, మన బల్లల మీదే ఉంటాయి.

కాబట్టి మీ లినక్స్ ల్యాప్‌టాప్‌లో కర్సర్ ఉరుకుతుంటే, చార్జరూ బ్యాటరీ చూసుకున్నాక కూడా తగ్గకపోతే, దాన్ని భరించి ఊరుకోకండి. "లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్" అనే ఆదేశం వేలి కదలికలన్నీ ఒక ఫైలుగా రాస్తుంది. డెవలపర్ ఆ ఫైలుని తన కంప్యూటర్లో తిరిగి నడిపించి మీ టచ్‌ప్యాడ్ చేసిన తప్పునే కళ్లారా చూడగలడు. మీరు టైప్ చేసిన అక్షరాలని అది మామూలుగా దాచిపెడుతుంది, పాస్‌వర్డు బయటపడుతుందన్న భయం అక్కర్లేదు. మోడల్ పేరు, కెర్నల్ వెర్షన్, ఆ ఫైలు, జరిగింది రెండు వాక్యాల్లో, ఇంత పంపితే చాలు. ఇంగ్లిష్ సొగసుగా ఉండక్కర్లేదు. పంపండి.